మంద రాని ఏడాది

ధర్మవరం స్టేషన్లో రైలు ఆలస్యమైందని కొన్న నవల అది. అడవిలో ఒక మనిషి మాయమవుతాడు. ఊళ్లో ఎవరూ నోరు విప్పరు. విరిగిన కొమ్మలు, పిట్టల అరుపులు, బురదలో అడుగులు చూసి ఒక ఆడమనిషి నిజం కనిపెడుతుంది. పెనుకొండ దగ్గర మా ఊరు చేరాక కూడా చేతిలోంచి దించలేదు. చాలా బాగుంది. ఆ మాట చెప్పుకోవడానికే ఎవరూ లేరు. పెళ్లి చేసుకోలేదు, నాయన పోయి చాలా ఏళ్లయింది. హిందూపురంలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేస్తే, సినిమాగా వచ్చినప్పుడు చూస్తాలే అంది. ఒళ్లు మండి పెట్టేశాను.

కథ వినే మనిషి నాకు ఒకరున్నారు. ఏటా వేరుశనగ పీకాక మా చేనుకు మంద తోలుకొచ్చే గొర్రెలకాపరి భార్య. రాత్రిళ్లు గొర్రెలను చేలో నిలుపుతారు, పెంట నేలకు ఎరువవుతుంది, మేం వాళ్లకు గింజలిస్తాం. నాయన కాలం నుంచీ ఇదే పద్ధతి. చేను అంచునే మా ఇల్లు. ఆమె వాకిట్లో కూర్చుని నేను చదివిన కథలన్నీ చెప్పించుకునేది. మధ్యలో ఆపి, చంపింది ఫలానావాడే అని పట్టుబట్టేది. ఎప్పుడూ తప్పే, ఒప్పుకునేది మాత్రం కాదు. ఏడాది మొత్తానికి నాకున్న పండగ ఆ కొన్ని సాయంత్రాలే.

ఈసారి పంట తీసి నెల దాటినా మంద రాలేదు. ఆమె భర్త ఫోన్ కలవలేదు. జబ్బు చేసిందో, ఇంకేమైందో అని మనసు పరిపరివిధాల పోయింది. నవల తలకెక్కినట్టుంది, ఒక పొద్దున చెప్పులేసుకుని నేనే వెతకడానికి బయలుదేరాను.

వంక గట్టున తాజా గొర్రె పెంటికలు. తుమ్మచెట్టుకు కొత్తగా నరికిన కొమ్మలు. అంటే వచ్చారు. గిట్టల గుర్తులు మా చేను దాకా వచ్చి, అక్కడ మళ్లి పక్కకు పోయాయి. వాటి వెంటే పోతే వంక అవతలి చేలో మంద కనిపించింది. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, నిక్షేపంగా. సంతోషం, కోపం ఒకేసారి వచ్చాయి. మా చేను దాటి ఎందుకొచ్చారని అడిగాను.

“కంచె ఏసుకుంటివి కదక్కా. ఇంగ మా మంద వద్దేమోలే అనుకుంటిమి.”

అడవి పందుల బాధ పడలేక వేయించిన కంచె అది. అంతకు ముందు అందరిలాగే చేను చుట్టూ పాత చీరలు కట్టేదాన్ని. చీరలు పందులకని గొర్రెలవాళ్లకు తెలుసు. ఇనుప తీగ లాగితే అది మనుషులను కూడా రావద్దన్నట్టే. కంచె వేసుకున్నవాళ్లు మంద కావాలంటే ముందే వెళ్లి పిలవాలి. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. పైగా తీగ బిగించిన రోజు మురిసిపోయి ఫోటోలు కూడా తీసుకున్నాను.

రేపటి నుంచే రమ్మని బతిమాలాను. ఈ చేనివాళ్లకు మాటిచ్చామని, ఇది కాగానే బత్తలపల్లి వైపు ఒప్పుకున్నామని చెప్పింది. పోనీ కథ ఇప్పుడే చెప్పనా అని అడగబోయాను. అంతలో భర్త కేకేశాడు, గొర్రెలు కదిలాయి, ఆమె కొంగు దోపుకుని లేచింది.

“మళ్లేడు వస్తాంలేక్కా. అంతవరకూ కథ మర్చిపోవాకు.”

మర్చిపోనన్నాను. దారిలో ఏడుపు ఆగలేదు. చేను దగ్గరికొచ్చి, కంచె గేటు తాళం తీసి లోపలికి వెళ్లి, అలవాటుగా మళ్లీ తాళం వేసేశాను.