తెగిన కూత కోసం అక్కుపల్లి దాకా

మా మామగారు పడుచుతనంలో చెడుగుడు ఆడి బతికిన మనిషి. కవిటి నుంచి మందస దాకా పందెం కట్టిన ప్రతి ఊరూ ఆయన్ని కూలికి పిలిచేది. ఊపిరి తీయకుండా కూత పెడుతూ వచ్చినవాణ్ణి మడమ దగ్గర పట్టి ఆపడం ఆయన పని. అక్కుపల్లి అప్పన్న ఒక్కడే ఆ పట్టులో ఉండగానే గీత తాకాడు. తాకేదాకా కూత తెగలేదని, గెలుపు అతనిదేనని పెద్దలు తీర్పు చెప్పారు. ఆ తర్వాత ఈయన్ని ఏ ఊరూ పిలవలేదు.

"తెగినాది కోడలా, నాను యిన్నాను." నేను కాపురానికొచ్చిన నాటి నుంచి ఇదే పాట. అప్పన్న నోటితో ఒప్పుకోవాలని ఆయన మంకుపట్టు పడితే, ఆఫీసులో సెలవు దొరకని మా ఆయన ఆ ప్రయాణం నాకు అంటగట్టారు.

టెక్కలిలో పొద్దున్నే బస్సెక్కాం. పలాసలో దిగేసరికి సముద్రం వైపు బస్సు వెళ్లిపోయింది, మళ్లీ మధ్యాహ్నానికేనట. చలిదన్నం మూట అక్కడే విప్పాం. మామగారు పక్కనున్న జీడిపిక్కల బేరగాడికి తన ఆట చెప్పడం మొదలుపెట్టారు. "నా బస్సొచ్చీసినాది తాతా" అని అతను లేచిపోయాడు. ఏ బస్సూ రాలేదు.

మధ్యాహ్నం బస్సు దింపిన చోటు నుంచి ఇసుకలో నడక. వెళ్లేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకోండి. ఊళ్లో "కూత అప్పన్న ఎక్కడ?" అంటే ఒడ్డుకు పంపారు. తీరా చూస్తే, అలల్లోంచి వచ్చే తెప్పలకు కేకేసి దారి చెప్పే కుర్రవాడు.

"సెడుగుడేటమ్మా? నా కూత తెప్పలకే" అని నవ్వాడు. ఇంటికో అప్పన్న ఉన్న ఊరు. మళ్లీ ఇసుకలో వెనక్కి.

అసలు అప్పన్న వల అల్లుతూ దొరికాడు. మామగారు కూర్చోకుండానే అడిగారు. "నిజం సెప్పు. ఆ రోజు నీ కూత తెగినాదా, నేదా?"

"తెగినాది బావా. నువ్వట్టుకుంటే తెగకేటవుద్ది? కూకో, సేపల పులుసు తినీసి ఎల్దురు."

అంతే. పులుసు మాత్రం బాగుంది.

తిరుగు బస్సులో, ఇక ఇంట్లో ఈ గొడవ ఉండదని కాళ్లు చాపుకున్నాను. కాశీబుగ్గ దాటాక ఆయన నెమ్మదిగా అన్నారు. "ఒక్క మాటకే ఒప్పీసుకున్నాడేటి కోడలా? అడ్డం తిరగనేదు సూడు. ఇంటికొచ్చిన ముసిలోడని అన్నాడేమో. కొంపదీసి ఆ రోజు తెగనేదేటి?"

"తెగింది మావయ్యా, తెగింది."

"నువ్వు యిన్నావేటి?"

ఒళ్లు మండిపోయింది. చాపిన కాళ్లు మళ్లీ దగ్గరకు లాక్కున్నాను. టెక్కలి వచ్చేదాకా ఆయన, ఆనాడు మడమ పట్టిన కుడిచేతి వేళ్లు ముడుస్తూ, విప్పుతూ కూర్చున్నారు.