పెద్ద జాన్, చిన్న జాన్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో లాప్‌టాప్, లిమరిక్‌లో డేటా అనలిటిక్స్ మాస్టర్స్ సీటు ఉన్న మనిషికి లోకంలో అర్థం కానిదేముంటుంది? (ఐర్లండ్‌కి చదువుకోడానికి వచ్చిన మనవాళ్ళలో ఆ ఏడు అదే కోర్సు చదవనివాళ్ళు నాకు కనపడలేదు. ఎందుకు చదువుతున్నారంటే, అందరూ చదువుతున్నారు కనక అనేవాళ్ళు.) ఇప్పుడు డబ్లిన్ శివార్లలో బ్లాంచర్డ్స్‌టౌన్‌లో కాపురముంటూ, మందుల ఫ్యాక్టరీలో మాత్రల లెక్కలు చూసుకుంటూ, ఏ విషయమడిగినా “కనుక్కుని చెప్తాను” అనే స్థాయికి దిగజారాను. అప్పటి నన్ను తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త అసూయ కూడా వేస్తుంది. అంత ధీమా మళ్ళీ నాకు రాలేదు.

ఊళ్ళో గది దొరక్క, బస్సు మనసైనప్పుడు వచ్చే ఒక శివారులో, ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకు దిగాను. పెళ్ళి చేసుకోలేదావిడ. తమ్ముడూ తనూ కలిసి ఆవుల్ని చూసుకుంటూ బతికారు. తమ్ముడు పోయాక ఆవుల్నిచ్చేసి, నన్ను పెట్టుకుంది. (ఎవరికి లాభమో నేను అడగలేదు.) ఆవిడకి సమస్తమూ గ్రాండే (అక్కడివాళ్ళ భాషలో, బాగానే ఉంది, ఫర్వాలేదు అని). పైకప్పు కారుతోందంటే గ్రాండ్, బాయిలర్ చచ్చిందంటే గ్రాండ్, నా సాంబారు పొంగి స్టవ్వంతా పసుపైపోయిందన్నా గ్రాండే. అందుకని నేను మనసులో గ్రాండమ్మ అని పేరు పెట్టుకున్నాను. తనని పేరు పెట్టి పిలవమంది కానీ, పెద్దావిడని అలా పిలిస్తే కళ్ళు పోతాయని పెంచారు కదా మనల్ని, “ఆంటీ” అన్నాను. ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, “నేనెవరికీ ఆంటీని కాదమ్మాయ్. నన్నలా పిలవాల్సినవాళ్ళు పుట్టనే లేదు” అంది. అయినా మర్నాటినుంచి ఆంటీ అంటే పలికింది.

ఆవిడ గ్రాండ్ అనని విషయం ఒక్కటే. ఒకరోజు పక్కూళ్ళో ఎవరిదో అంత్యక్రియలకి వెళ్ళొచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది. “మా దగ్గర పెట్టెని ఇంటివాళ్ళే భుజాన మోస్తారు, తెలుసా? ముందువైపు రక్తసంబంధీకులుండాలి. మా తమ్ముడికి ఒకపక్క నేను పట్టాను. రెండోపక్క పాల లారీ డ్రైవరు పట్టాడు. మంచివాడే పాపం. కానీ పాల లారీ డ్రైవరు” అని ఆగింది. ఆ తర్వాత మాట ఆవిడ అనలేదు, నాకు మాత్రం వినపడింది. తనకి ఆ ఒకపక్క పట్టేవాళ్ళు కూడా లేరు. ఆవిడ ఏడవలేదు కానీ నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను మరో టీ పెడతాను, పెట్టాను.

సరిగ్గా అలాంటి సమయంలో నెబ్రాస్కా నుంచి ఈమెయిల్ వచ్చింది. అప్పుడే రిటైరైన ఒక పెద్దమనిషి, తన పూర్వీకుల కోసం మా ఊరి చర్చి ఫాదరీకి రాస్తే, ఆయన ఆ ఇంటిపేరున్నవాళ్ళందరికీ పంపేసి చేతులు దులుపుకున్నాడు. (ఆ ఇంటిపేరు చెప్పను. ఆ ప్రాంతంలో రాయి విసిరితే ఆ ఇంటిపేరువాడికే తగులుతుంది.) ఈయన ముత్తాత పేరు జాన్, రైతు. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్‌లో ఓడెక్కి, అవతల దిగిన దగ్గర్నుంచి పడమటికి, ఇంకా పడమటికి, ఆగమన్నవాడు లేక నెబ్రాస్కా దాకా వెళ్ళి దుక్కి దున్నాడట. గ్రాండమ్మ ముత్తాత పేరూ జానే, అతనూ రైతే. లీష్ జిల్లాలో, పోర్ట్‌లీష్ దగ్గర పొలం నుంచి దొర గెంటేస్తే, చిన్నతనంలో అమ్మానాన్నలతో బండి వెనకాల నడుచుకుంటూ పడమటికొచ్చి లిమరిక్ దగ్గర ఆగినవాడు. “నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావుగా, చూడమ్మాయ్. ఈయన మావాడేనా?” అని అడిగింది గ్రాండమ్మ. అడుగుతూ చేతిలోని కప్పుని అవసరానికి మించి కడిగింది.

నేను రంగంలోకి దిగాను. అక్కడి చర్చిల్లో పిల్లలకి బాప్తిస్మమిచ్చినప్పుడు రాసుకున్న పాత పుస్తకాలన్నీ ఫొటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టారు. పెట్టారు బాగానే ఉంది, చదవాలిగా. కోడి కెలికినట్టున్న రాత, అది చాలదన్నట్టు లాటిన్. సగం పేజీ తేమకి పోయింది, మిగతా సగం దగ్గర ఫాదరీగారి ఓపిక పోయింది. మగపిల్లలకి నాలుగే పేర్లు, ఆడపిల్లలకి మూడే. ఇలాంటి కష్టంలో తెలుగమ్మాయి ఎవరికి ఫోన్ చేస్తుంది? తెనాలిలో ఉన్న మా మేనత్తకి. బెజవాడ వెళ్ళే రైల్లో టికెట్ కలెక్టర్ని తమ్ముడి వరస చేసి కిటికీ సీటు సంపాదించిన మనిషి మా అత్తయ్య.

“అంత పొడుగు చదువు చదివి వరస కలపటం రాదంటే ఎట్టాగే?” అంది అత్తయ్య. “ఇంటిపేరు కలిసిందా?”

“కలిసింది అత్తయ్యా.”

“తాతల పేరు కలిసిందా?”

“అదీ కలిసింది.”

“ఇద్దరూ వ్యవసాయమేగా? ఇంకేం కావాలే నీకు, రేషన్ కార్డు కావాలా? అన్నదమ్ముల బిడ్డలే ఆళ్ళు. అడ్డొచ్చిందేంది?”

అడ్డొచ్చింది ఒక్కటే, ఇద్దరు జాన్‌లు ఒక్కడే కాకూడదు. ఒకడు లిమరిక్‌లో ఉండిపోయాడు, ఒకడు నెబ్రాస్కా వెళ్ళాడు. కనక ఒకే ఇంట్లో ఇద్దరు జాన్‌లు పుట్టినట్టు ఎక్కడో రాసి ఉండాలి. వారం తర్వాత, లీష్ జిల్లా పేజీల్లో నాకు నిధి దొరికింది. అదే తండ్రి, అదే తల్లి, అదే ఊరు. ఒక జాన్‌కి బాప్తిస్మం. మూణ్ణాలుగేళ్ళ తర్వాత, అదే ఇంట్లో, ఇంకో జాన్‌కి బాప్తిస్మం. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. ఇంకెవరికైనా అనుమానమొచ్చేదేమో, నాకెందుకొస్తుంది? కోటప్పకొండకి మొక్కుకుంటే పుట్టారని మా తాతకీ, ఆయన తమ్ముడికీ ఒకటే పేరు. పెద్ద కోటయ్య, చిన్న కోటయ్య. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఇద్దరూ నిక్షేపంగా ఎనభై దాటారు. కనక వీళ్ళు పెద్ద జాన్, చిన్న జాన్. పెద్దవాడు అమెరికా వెళ్ళాడు, చిన్నవాడు అమ్మానాన్నలతో ఉండిపోయాడు. పెద్దవాడు ఏ ఓడెక్కాడో రాసి లేదు. ఆ మాటకొస్తే వాడి గురించి ఇంకెక్కడా ఒక్క ముక్క రాసి లేదు. పరిశోధకురాలు అన్నాక అలాంటి చిన్నచిన్న ఖాళీలు పట్టించుకోకూడదు.

రంగురంగుల వంశవృక్షం తయారుచేసి, లామినేషన్ కూడా చేయించి, వంటింటి బల్ల మీద పరిచాను. గ్రాండమ్మ కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో పేరూ దాటుకుంటూ వచ్చి, రెండు జాన్‌ల దగ్గర ఆగింది. “ఇద్దరూ బతికారంటావా?” అంది. నేను కోటయ్యల చరిత్ర మొత్తం చెప్పాను, కొండతో సహా. ఆవిడ నా మొహంలోకి చూసింది. తర్వాత గోడమీదున్న తమ్ముడి ఫొటోకేసి చూసింది. “గ్రాండ్” అంది, కాస్త నెమ్మదిగా. ఆ సాయంత్రమే నెబ్రాస్కాకి రాయించింది, పైన గది ఖాళీగా ఉంది, హోటల్లో దిగితే ఊరుకోనని. ఆవిడ అంత సంతోషంగా ఉండటం చూసి, డిగ్రీ రాకముందే నా చదువు సార్థకమైందని నిర్ణయించుకున్నాను.

వేసవిలో ఆయన దిగాడు. గుమ్మంలో పట్టనంత మనిషి, ఆకాశంలో మబ్బుముక్క లేకపోయినా వానకోటు తొడుక్కుని. ఆయనకి నేను నెబ్రాస్కా మావయ్య అని పేరు పెట్టాను. గ్రాండమ్మ రొట్టె కాల్చింది, మాంసం వండింది, బంగాళాదుంపలు మూడు రకాలుగా చేసింది (నాలుగో రకం కుదరనందుకు క్షమించమంది). మర్నాడు ఆవిడ చిన్న కారులో ముగ్గురం పోర్ట్‌లీష్ వైపు బయల్దేరాం. ముందు సీట్లో మావయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనుకుని ఉన్నాయి. వెనక సీట్లో ఒళ్ళో వంశవృక్షంతో నేను, తీర్థయాత్ర బస్సులో గైడులాగా దారిపొడవునా వ్యాఖ్యానం చెప్పాను. వాళ్ళు నడిచొచ్చిన దారికి మేము ఎదురెళ్తున్నామన్నాను. వాళ్ళ బండి ఎక్కడ ఆగి ఉంటుందో, ఏ చెట్టుకింద గంజి తాగి ఉంటారో కూడా చెప్పాను. ఎక్కడ రాసుందని ఆ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

పొలం అంటే ఏముంది, గడ్డి, ముళ్ళకంచె, మమ్మల్ని అద్దెకొచ్చినవాళ్ళని చూసినట్టు చూసిన నాలుగు ఆవులు. ఒక రాళ్ళగుట్టని చూపించి, అదే ఇల్లన్నాను. గాలి వీస్తోంది. మావయ్య టోపీ తీశాడు. గ్రాండమ్మ మోకాలు నొప్పిగా ఉందని ఆయన చెయ్యి పట్టుకుంది (అంతకుముందు వారమే ఆవిడ నిచ్చెనెక్కి గట్టర్లు బాగుచేసింది). ఇద్దరూ అలా రాళ్ళకేసి చూస్తూ నించున్నారు. నా రీసెర్చికి ఇంతకంటే రుజువేం కావాలని నేను ఫొటో తీసి అత్తయ్యకి పంపాను. “ముక్కులు కలిశాయే” అని జవాబొచ్చింది.

పదిరోజులున్నాక, ఎయిర్‌పోర్ట్ బస్సెక్కించడానికి ఆయనతో నేను వెళ్ళాను. బస్‌స్టాపులో ఆయన సూట్‌కేసు మీద కూర్చుని, “అమ్మాయ్, ఒక మాట. మా ముత్తాత సమాధి రాయి మీద కార్క్ జిల్లా అని చెక్కి ఉంది” అన్నాడు.

“లీష్ కదా?” అన్నాను.

“కార్క్. స్పష్టంగా ఉంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.”

“మరైతే, పెద్ద జాన్?”

“పసివాడమ్మా. పోయుంటాడు. పిల్లవాడు పోతే తర్వాత పుట్టినవాడికి ఆ పేరే పెట్టేవాళ్ళు ఇక్కడ. మా ఇంట్లోనూ అంతే చేశారు. పసిపిల్లలు పుడితే రాశారు, పోతే ఎవరు రాశారు?” అన్నాడు, నాకు దెబ్బ తగలకుండా చూసుకుంటూ.

ఆ పసివాడి కోసం కాదు, నిజం చెప్పొద్దూ, ముందు నా లామినేషన్ కోసం బాధపడ్డాను. తర్వాత వాడు గుర్తొచ్చాడు. మూణ్ణాలుగేళ్ళు కూడా లేనివాణ్ణి లేపి, ఓడెక్కించి, నెబ్రాస్కాలో దున్నించాను. “తెలిసి ఎందుకొచ్చారు మరి?” అన్నాను. ఆయన నవ్వాడు. “కార్క్‌లో చాలామందికి రాశాను. ఒక్కరూ పలకలేదు. మీ ఆంటీ పక్క వేసి పెట్టానని రాసింది. మా ఆవిడ పోయాక నాకెవరూ అలా రాయలేదు. ఆవిడకి చెప్పకు. బంధువు దొరికాడని సంతోషపడుతోంది పాపం.” బస్సొచ్చింది, ఆ రోజు ఎందుకో వేళకే వచ్చింది.

దారిపొడవునా ఎలా దాచాలా అని ఆలోచించుకుంటూ ఇంటికొచ్చి, గుమ్మంలోనే అంతా కక్కేశాను. గ్రాండమ్మ ఆయన గది దుప్పట్లు మడతపెడుతోంది. మడత ఆపలేదు.

“నువ్వు ఆ కాయితం పరిచిన నిమిషంలోనే తెలుసు” అంది. “మా అమ్మ కూడా నాకు పేరు అలాగే పెట్టింది. నాకు ముందు ఒకతి ఉండేది.”

“మరి నాకెందుకు చెప్పలేదాంటీ?”

“నువ్వు అంత బాగా కలిపావుగా” అంది. ఇంకో దుప్పటి అందుకుంటూ, “అతనికి మాత్రం తెలియనివ్వకు. ఒంటరి మనిషి, అంత దూరంనుంచి చుట్టం కోసం వచ్చాడు” అంది.

అంటే ముగ్గురిలో ఆ కథని నమ్మింది డేటా అనలిటిక్స్ చదువుకున్న నేనొక్కదాన్నే. ఆ తర్వాత ప్రతి వేసవీ ఆయన వచ్చాడు. ప్రతి వేసవీ ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు, రెండోవాళ్ళకి చెప్పొద్దని నాకు సైగ చేస్తూనే ఉన్నారు. నేను తలూపుతూనే ఉన్నాను. నోట్లో నువ్వుగింజ నానని నేను, ఆ ఒక్క విషయంలో రెండువైపులా కాపలా కాశాను.

గ్రాండమ్మ పోయిన శీతాకాలంలో పోయింది. నిద్రలోనే. డబ్లిన్ నుంచి నేను వెళ్ళేసరికి, చర్చి బయట చలిలో నెబ్రాస్కా మావయ్య అదే వానకోటుతో నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటాయి, కర్ర వచ్చింది. అంత్యక్రియలు చూసే నల్లకోటాయన, “ముందుకి దగ్గరివాళ్ళు రావాలి. మీరేమవుతారు?” అని ఆయన్ని అడిగాడు. “కజిన్” అన్నాడు మావయ్య రెప్ప వెయ్యకుండా, కర్ర గోడకానించి. నల్లకోటాయన నావైపు తిరిగాడు. ప్రపంచంలో అందరికీ వరసలు కలిపినదాన్ని, నా వరసేంటో నాకు దొరకలేదు. అద్దెకున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపు మావయ్యే, “మా అమ్మాయే. రెండోపక్క తనే పడుతుంది” అన్నాడు.

పట్టాను. నా ఎత్తు అయిదడుగులు, మావయ్యది ఆరుమీద చిల్లర. కనక ఆ పెట్టె నా భుజానికి ఒక్కసారీ ఆనలేదు. చెయ్యి పైకెత్తి అడుగుభాగం మీద అరచెయ్యి ఆనించి, ఏడుస్తూ, మోస్తున్నదానిలా నడిచాను. నా వెనకాల ఉన్న పాల లారీ డ్రైవరు నా వంతు బరువు కూడా మోసేశాడు, ఏమీ అనలేదు. ఇప్పటికీ ఒక్కోసారి, అంతా తెలుసునని లామినేషన్ షాపులో తల ఎగరేసుకుని నించున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. దానికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి కానీ, చెప్పబుద్ధి కాదు. చెబితే వరసలు కలపటం మానేస్తుందేమోనని భయం.