రక్కసి కోరలు, బావి మెట్లు

ఇదొక మహాగాథ. ఇందులో రక్కసి ఉంది, సముద్రం ఉంది, ఒక తల్లి పంతం ఉంది. నిజానికి గాథేమీ లేదు. ఉన్నది నాలుగు లైన్ల సవరణ.

అప్పుడు నేను కోరుట్ల నుంచి ఒక పత్రికకు కొత్తగా వార్తలు పంపేవాణ్ణి. మా వాడకట్టులో తాటిచెట్లు గీసే మామ ఒక పొద్దున తన చెట్టు కల్లే ఒక సీసా తాగి, పొలంలో నాచుపట్టిన బావి మెట్ల మీద జారిపడి చనిపోయాడు. అంతే రాసి పంపాను. జగిత్యాల డెస్కులో నాచు పోయింది, మెట్లు పోయాయి. తెల్లారి 'మద్యం రక్కసి కోరల్లో మరో ప్రాణం' అని వచ్చింది. పక్కన సీసా బొమ్మ, దానికి కోరలు. మామ పేరు కన్నా ఆ కోరలే పెద్దవి.

మూడో రోజు, పోయినవాళ్ళ పేర పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, అత్త నన్ను పిలిచింది. తిట్లు ఖాయమనుకున్నాను. తిట్టలేదు. దుబాయ్‌లో ఉన్న కొడుక్కి సెలవు దొరకలేదు. తండ్రి చివరిచూపు బదులు ఫోన్‌లో ఈ వార్త అందింది. గీసేవాళ్ళ ఇంట్లో దుకాణం సీసా ముట్టడమంటే తలవంపు. బాపు బ్రాండీకి దిగిండా అని ఒక్క మాట అడిగి, మళ్ళీ ఫోన్ ఎత్తడం లేదట.

"పేపర్ల పడ్డది పేపర్లనే కడుగు కొడుకా. నేను చెప్తే నమ్ముతలేడు. అచ్చైతె నమ్ముతడు," అంది.

జగిత్యాలకు ఫోన్ చేశాను. డెస్కులో అన్న ఓపికగానే విన్నాడు.

"జారిపడ్డడంటె ఎవడు సదువుతడు తమ్మీ?"

"కొడుకు సదువుతడన్నా. దుబాయ్‌ల."

కోరలు తీసేసి రక్కసిని ఉంచితే నడుస్తదా అని బేరమాడాడు. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఫోన్ చేశాను. నా పీడ వదిలించుకోవడానికి చివరికి సవరణ వేశాడు. జగిత్యాల పేజీలో జాగా లేదని సిరిసిల్ల పేజీలో వేశాడు.

ఆ పేజీ కోరుట్లకు రాదు. వేములవాడలో బస్సు మారి సిరిసిల్ల వెళ్ళి పేపరు కొన్నాను. మరమగ్గాల వార్త కింద సొంత చెట్టు కల్లు, నాచు, మెట్లు, అన్నీ ఉన్నాయి. బస్టాండులోనే ఫొటో తీసి దుబాయ్‌లోని అత్త కొడుకు, మా బావకు పంపాను.

సాయంత్రం అత్త ఫోన్ మోగింది. బావ చాలాసేపు ఏడ్చాడట. తర్వాత, మెట్ల మీద నాచు ఇంకా అట్లనే ఉందా అని అడిగాడట.

ఉంది. బ్లీచింగ్ పౌడర్ చల్లి, చీపురుతో రుద్దితే పోతుంది.