మా అత్త నోట రాని పేరు

“చాయ్‌ల చక్కెర వేసినవా, చెంచా చూపెట్టినవా?”

“వేసిన అత్తా. అడుగున ఉన్నది, కలుపుకో.”

“అడుగు దాక తాగినంక చెప్త, ఉన్నదో లేదో.”

మా అత్తకూ నాకూ మధ్య జరిగిన చివరి మాటలు ఇవే. తాగింది, నడుం వాల్చింది, మళ్ళీ లేవలేదు. చక్కెర సంగతి తేలనేలేదు.

అయినా అంత తెలివిగా, అంత ఎకసెక్కంగా మాట్లాడుతూ పోయింది చూడండి, అదే నాకు తృప్తి. ఎందుకంటే అంతకు కొన్నేళ్ళ ముందే ఒక డాక్టరు ఆమెకు మతి పోయిందని తేల్చేశాడు.

మాది నస్పూర్. మామ బొగ్గుబాయిలో చేశాడు, నా ఇంటాయనా అక్కడే చేశాడు. ముందు కొడుకు పోయాడు, తర్వాత తండ్రి. ఒక పొయ్యి దగ్గర ఇద్దరు విధవరాళ్ళం మిగిలాం. మామ పోయిన కొన్నాళ్ళకు అత్తకు కళ్ళు తిరగడం మొదలైంది. లేస్తే తూలేది. ఒకసారి బియ్యం చెరుగుతూ లేవబోయి చాటతో సహా పడింది. బియ్యమంతా ఆమె మీదే. నేను పరుగెత్తి వచ్చేసరికి కోళ్ళు ఆమె కడుపు మీద ఎక్కి ఏరుకుతింటున్నాయి.

కరీంనగర్‌లో ముసలివాళ్ళను చూసే పెద్ద డాక్టరు ఉన్నాడంటే తీసుకుపోయాను. కుర్రవాడే, మెత్తగానే మాట్లాడాడు.

“మామ్మగారూ, మీ ఆయన పేరేంటి?”

అత్త నన్ను చూసింది. నేను ఫ్యాన్‌ను చూశాను. మొగుడి పేరు అత్త పలకదు, మామ పేరు నేను పలకను. మా ఇళ్ళలో అంతే. నా బిడ్డ వెంట ఉంటే టక్కున చెప్పేది, తాత పేరుకు మనవరాలికి అడ్డు లేదు. అప్పుడది తన అత్తగారింట్లో ఉంది. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ బిడ్డే.

పేరుతో ఆగితే బాగుండేది. మామ పేరు ఒక వారం పేరుతో మొదలవుతుంది. అందుకని మా ఇంట్లో ఆ వారమే లేదు. మా ఖర్మకొద్దీ మేం పోయింది ఆ రోజే.

“సరే, ఈరోజు ఏ వారం?”

“ఆదివారం తెల్లారి.”

“అంటే ఏ వారం?”

“మంగళవారానికి ముందటి దినం. గది సుత ఎరుక లేదా బిడ్డా?”

డాక్టరు నా వైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా.”

“మా అత్త చెప్పిందే సారూ.”

“పోనీ, పిల్లలెంతమంది మామ్మా?”

“దేవుడిచ్చినంత మంది.”

పిల్లల్ని లెక్కపెట్టి చెబితే దిష్టి కదా! ఆయన పెన్ను కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు. “మీరూ ఒకసారి చూపించుకుంటే మంచిది” అన్నాడు. అసలు సంగతి చెప్పబోయేసరికి ఇంకొకరిని లోపలికి పిలిచారు.

ఆయన రాసిన గోలీలతో అత్త కూచున్నచోటే నిద్రపోయేది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. నన్ను తిట్టడం మానేసింది. అప్పుడు పట్టుకుంది నాకు భయం. మనిషి ఇట్లాగే నిద్రలోనే మాయమైపోతుందేమో అనిపించింది.

మన తరీకా తెలిసిన డాక్టరు ఎవరన్నా ఉన్నారా అని వాడంతా అడిగాను.

“పేరు అడగని డాక్టరా?” అంది పక్కింటామె. “గసొంటోడు పశువుల దవాఖానల ఉంటడు, తోలుకపో!”

చివరికి బెల్లంపల్లిలో ఒక డాక్టరమ్మ దొరికింది. బాయి మీది ఆడవాళ్ళను ఏళ్ళుగా చూస్తున్న మనిషి. ఆమె పేరూ అడగలేదు, వారమూ అడగలేదు.

“అవ్వా, మీ ఇంటాయన ఏ షిఫ్టుకు పోతుండె? డబ్బల ఏం పెడుతుంటివి?”

అత్త నిద్ర ఎగిరిపోయింది. “మొదటి షిఫ్టు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. పండ్లు ఊడినంక మెత్తగ ఉడికిన గట్క. ఆఖర్ల బీపీ గోలీలు సుత నేనే ఇస్తుంటి. గవి ఇప్పటికీ వేస్త.”

“ఎవరికేస్తవు? ఆయన లేడాయె!”

“నేనే వేసుకుంట. నా బీపీ గోలి పొద్దుగాల, ఆయన గోలి పొద్దుమీకి. డబ్బ నిండ పెట్టి పోయిండు. పారేస్తే ఆయన ఊకుంటడా?”

అని కొంగు ముడి విప్పి ఆ గోలీలు బల్ల మీద పెట్టింది. నేను పొద్దుటి గోలీ ఒక్కటే చూసేదాన్ని, ఈ మూట నాకు తెలియనే తెలియదు. డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ తర్వాత ఇద్దరినీ కలిపి తిట్టింది. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూసింది, రెండు గోలీలతో లేచేసరికి అది దిగిపోతోందట. మామ గోలీలు అక్కడే ఉంచేసుకుంది. కరీంనగర్ గోలీలు మెల్లగా మాన్పించింది.

తూలడం పోయింది. ఒకనాడు కంచం నెట్టేసి, వాడంతా వినేటట్టు అరిచింది. “నీ చేతి కూర కుక్క సుత ముట్టదే!”

ఆ కూర గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేను ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. అత్త అది చూసి, “దీనికి మతి పోయింది, డాక్టరమ్మకు చూపియ్యాలె” అంది.

ఇగ చాలు బిడ్డా. మొదటి నుంచి జర గట్టిగ చదువు. మీ తాత పేరు గాని, గా వారం పేరు గాని యాడనన్న రాసినవేమో, నేను వినాలె.