దొర దొడ్డి

తిమ్మమ్మ గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. చదువుకున్నవాణ్ణి కాబట్టి అది కాస్త కష్టం.

1984లో అరవదేశంలో నల్లంపల్లి పక్కన బంగళా మిట్ట మీద తవ్వకం జరిగింది. కంపెనీ కాలంలో తెల్లదొరలు అక్కడ బంగళా కట్టుకుని చాలా ఏళ్లు మకాం పెట్టి, తర్వాత ఎత్తేసుకుని పోయారు. ఇప్పుడు పునాదులూ గుమ్మాల గుర్తులూ మిగిలాయి. మద్రాసు నుంచి వచ్చిన అన్బళగన్ అనే పురావస్తు శాఖ అధికారి తవ్వించేవాడు. నేను కుప్పంవాణ్ణి. కొలతలు తీసి పటాలు గీయడం నా పని. తిమ్మమ్మ మట్టి జల్లించేది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. కూలిపని చేసి బతికిన మనిషి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం. అయినా తవ్వకంలో ఆమెకో హోదా ఉండేది. మొదటిరోజే, తన ముందుతరాలవాళ్ళు దొర తోటలో తోటమాలులని చెప్పుకుంది. అన్బళగన్ మురిసిపోయి ఆ మాట నోటుపుస్తకంలో ఎక్కించాడు. గంపలు మోయించడం మాన్పించి జల్లెడ దగ్గర కూర్చోబెట్టాడు. రోజూ పొద్దున హాజరు పిలిచే మేస్త్రీ సెంగోడన్ కూడా "తోట తిమ్మమ్మ" అనే పిలిచేవాడు. మిగతా కూలీలందరూ అరవంలో పలికితే, ఈమె మాత్రం కొంగు సర్దుకుని "ఉండాను" అనేది. ఆ ఒక్క మాటలో ఎంత టెక్కు ఉండేదో చెప్పలేను.

అన్బళగన్ దగ్గర పాత సర్వే పటం నకలు ఒకటి ఉంది. బంగళా వెనక ఉన్న వాలు మీద తమిళంలో "దురై తొట్టి" అని రాసి ఉంది. తొట్టి అంటే నీళ్ళ తొట్టి, దొరలు నీళ్ళు నిలవ చేసుకున్న చోటని ఆయన తీర్మానం. నీళ్ళు పల్లానికే పోతాయి కాబట్టి వాలు అడుగున ఐదు వారాలు తవ్వించాడు. నత్తగుల్లలు దొరికాయి. మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది, శుక్రవారంతో పని ఆపెయ్యమని. ముప్పైమంది కూలీల మొహాలు వేలాడిపోయాయి. ఎండాకాలం ఇంకా ముందే ఉంది.

బుధవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర తిమ్మమ్మ నన్నడిగింది.

"సారూ, అయ్య ఇన్నాళ్ళూ ఏం ఎతుకుతా ఉండాడు?"

"తొట్టి, తిమ్మక్కా. దొర తొట్టి." పటం తీసి ఆ మాట మీద వేలు పెట్టి చదివాను.

ఆమె చేతిలో రాగిముద్ద చేతిలోనే ఆగిపోయింది. "అది తొట్టి కాదు సారూ. దొడ్డి."

తమిళంలో తకూ దకూ ఒకటే అక్షరం, టకూ డకూ ఒకటే. దొడ్డి అని రాసినా తొట్టి అనే చదువుతారు. దొడ్డి అంటే ఏమిటో తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. దొరలు చెంబు పట్టుకుని పొలాల్లోకి పోరు కదా! ఐదు వారాలు ఆ మాటను సిరాతో దిద్దుతూ కూర్చున్న నాకు ఇది తట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దొడ్డి అంటున్న నోరే నాదీను.

మా పనిలో మరుగుదొడ్డి గుంతను మించిన నిధి లేదు. ఇంట్లో పగిలినదీ, దాచవలసినదీ అన్నీ అందులోకే పోతాయి. నేను చటుక్కున లేచాను. తిమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను చెప్పినానని చెప్పొద్దు సారూ. తోట అనేది అబద్దం. మా అవ్వోళ్ళు ఆ దొడ్డి ఎత్తినోళ్ళు. దొడ్డోళ్ళు, దొడ్డోళ్ళు అని పిలస్తా ఉంటే తాళలేక మా యమ్మ మిట్ట అవతలి పల్లె ఇడిసి నల్లంపల్లికి వచ్చినాది. ఎవురడిగినా తోట అని చెప్పమనింది. నా కోడలికి కూడా తెలీదు."

మాటిచ్చాను. అన్బళగన్ దగ్గరికి పోయి సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు గానీ నమ్మనూ లేదు.

"ఎవరు చెప్పారు? ఉన్నవి రెండు రోజులు. నాలుగెకరాల వాలులో ఎక్కడ తవ్వమంటావు?"

మాటిచ్చినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ నిలబడ్డాను. అప్పుడు నా వెనక నుంచి తిమ్మమ్మ గొంతు వినిపించింది, అరవంలో.

"నేను చూపిస్తా అయ్యా. బంగళా వెనక తలుపు నుంచి అరవై అడుగులు, పడమటి పక్కకి. మా అవ్వ వాళ్ళ అవ్వ నెత్తిన గంపతో లెక్కపెట్టుకుంటా నడిచేదంట."

సెంగోడన్ ఎగాదిగా చూశాడు. "తోటమాలి ఇంటిదానివి. నీకదెట్లా తెలుసు?"

"తోటమాలి ఇంటిదాన్ని కాదు. దొడ్డి ఎత్తినోళ్ళ ఇంటిదాన్ని."

జల్లెళ్ళు ఆగిపోయాయి. రోజూ ఆమె పక్కనే కూర్చుని తినే పొన్నుత్తాయి తన నీళ్ళ బిందెను మెల్లగా అవతలికి జరుపుకుంది. నాకు ఒళ్ళు మండింది. తిమ్మమ్మ చూసింది, చూడనట్టు ముందుకు నడిచి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

గురువారం పొద్దెక్కేసరికి మోకాటి లోతులో ఇటుక గోడ తగిలింది. గుంత నిండా నీలం పూల పింగాణీ ముక్కలు, మందు సీసాలు, పొగాకు గొట్టాలు. సాయంత్రానికి మద్రాసుకు తంతి పోయింది. పని ఇంకో రెండు నెలలు సాగించమని శుక్రవారం జవాబొచ్చింది.

ఆ శుక్రవారమే గుంత వెనక వైపు ఒక చిన్న వాకిలి బయటపడింది, వంగి దూరేంత. దాని ముందు ఒక గడప రాయి. దొరలు దొడ్డిలోకి ఎక్కిన ముందువైపు మెట్లకు అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఈ రాయి మాత్రం మధ్యలో అరిగి గుంత పడి ఉంది.

"ఇటు నుంచి ఎవరు వచ్చేవాళ్ళు?" అన్నాడు అన్బళగన్.

తిమ్మమ్మ కిందికి దిగి ఆ అరిగిన చోట కాలు పెట్టింది. కాలు అక్కడ సరిగ్గా కుదురుకుంది. "మా కాళ్ళే అయ్యా," అంది. ఫొటో తీయడానికి పక్కకి తప్పుకోమని సెంగోడన్ గదమాయించాడు. ఆమె కదల్లేదు. ఉండనీ అన్నాడు అన్బళగన్.

శనివారం పొద్దున హాజరు.

"తోట తిమ్మమ్మ."

జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. ఎదురుగానే నిలబడి ఉంది.

"ఆ పేరు కొట్టెయ్ మేస్త్రీ. దొడ్డి తిమ్మమ్మ అని రాయి."

సెంగోడన్ నా వైపు చూశాడు. నేను పటంలో తల దూర్చాను. అతను రాసుకుని, రాసినది పైకి చదివాడు. "తొట్టి తిమ్మమ్మ."

"తొట్టి కాదు. దొడ్డి."

"తొడ్డి..."

"దొడ్డి. సరిగ్గా పలుకు."

మూడోసారికి అతని నాలుక తిరిగింది. "దొడ్డి తిమ్మమ్మ."

ఆమె కొంగు సర్దుకుంది.

"ఉండాను."