కాలువకు నీళ్లు కట్టేశాక వచ్చిన పరీక్ష

ఎనభైల తొలి సంవత్సరాల్లో నన్ను ప్రధానోపాధ్యాయురాలిగా ప్రమోట్ చేసి, రెంటచింతలకు కొద్ది దూరంలోని ఒక ఊరి ప్రాథమికోన్నత పాఠశాలకు వేశారు. ప్రాథమికోన్నత అంటే ఏడో తరగతి దాకా ఉండే బడి. ఏడో తరగతి పరీక్ష మా చేతిలో ఉండేది కాదు. జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే తేదీ. ఆ పరీక్షకు రాని పిల్ల మళ్లీ ఏడాదంతా అదే తరగతిలో కూర్చోవాలి.

ఆ ఊళ్లో సగం ఇళ్లకు వేసవిలో తాళాలు పడేవి. సాగర్ కాలువకు నీళ్లు కట్టేశాక మరమ్మతులు మొదలవుతాయి. మేస్త్రీ వెంట కుటుంబాలకు కుటుంబాలే ఈపూరు వైపు వెళ్లి, కాలువగట్టు మీద డేరాలు వేసుకుని, మళ్లీ నీళ్లు వదిలేదాకా అక్కడే ఉండేవి. పెద్దవాళ్లు కాంక్రీటు మోస్తే, ఎదిగిన పిల్లలు చంటివాళ్లను చూసుకునేవారు. పరీక్షలు ఏప్రిల్లోనే అయిపోయేవి కాబట్టి బడికీ ఆ పనికీ ఎన్నడూ పేచీ రాలేదు.

నేను చేరిన రెండో ఏడు ఉపాధ్యాయుల సమ్మె వల్ల బడులు చాలా రోజులు మూతపడ్డాయి. సమ్మె ముగిశాక, పోయిన పనిదినాలను పూడ్చమని ఉత్తర్వు వచ్చింది. మే నెలలో కూడా ఒంటిపూట బడి నడపాలి. ఏడో తరగతి పరీక్ష మే ఆఖరున. సర్క్యులర్ గోడకు అంటించిన మర్నాడే తల్లిదండ్రులు బడికి వచ్చారు.

ముందుగా నోరు విప్పింది అంజమ్మ. ఆమె, ఆమె భర్త వెంకటయ్య ఇద్దరూ కాలువపనికి వెళ్లేవారు. కూతురు కోటేశ్వరి మా బడిలో ఏడో తరగతి. చాలా ఏళ్లకు పుట్టిన కొడుకు అప్పుడప్పుడే పరుగులు నేర్చాడు.

"ఏంది పంతులమ్మా ఇది? సమ్మె చేసింది మీరు, ఎండలో మాడేది మా పిల్లలా?" అని అడిగింది.

సమ్మెలో నేనూ ఉన్నాను. వెనకనున్న ముసలాయన ఒకరు, మే ఎండకు కోళ్లే చచ్చిపోతుంటే బడేందని కేకలేశాడు. అందరూ చల్లబడ్డాక పరీక్ష తేదీ మార్చమని వాళ్ల మాటగా వినతిపత్రం రాసి, నా సిఫారసు జతచేసి, గురజాలలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారికి స్వయంగా ఇచ్చాను. అప్పట్లో ఆ చుట్టుపక్కల బడులన్నిటికీ ఆయనే పైఅధికారి. చదివి, ఇలాంటివి ఇంకా కొన్ని ఊళ్ల నుంచి వచ్చాయనీ, ఒక ఊరి కోసం జిల్లా పరీక్ష తేదీ మార్చడం తన పరిధిలో లేదనీ చెప్పారు. మర్యాదగానే చెప్పారు.

పిల్లను వెంట తీసుకుపోదామని వెంకటయ్య పట్టుబట్టాడు. ఏడాది పోతే పోయిందన్నాడు. అంజమ్మ ఒప్పుకోలేదు. కోటేశ్వరిని పక్కింటి మరియమ్మ దగ్గర వదిలి వెళ్లాలని నిశ్చయించి, ప్రయాణానికి ముందు నాకు చెప్పడానికి వచ్చింది.

"మరి చిన్నవాడు?" అని అడిగాను.

"నేనే చూసుకుంటాలే టీచరమ్మా. కంటికి ఆనేటట్టు చెట్టుకి ఉయ్యాల కడతా. చదివే పిల్లని నేనే ఆపితే ఎట్టా?" అంది.

మే నెలంతా బడి సగం ఖాళీగా నడిచింది. పిల్లలు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని వచ్చేవారు. కోటేశ్వరి ఒక్కరోజు కూడా మానలేదు. పరీక్షా కేంద్రం రెంటచింతల హైస్కూలు. రెండో రోజు లెక్కల పరీక్ష అయ్యాక, సాయంత్రం మేస్త్రీ తమ్ముడు బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆ పొద్దున పిల్లవాడు ఉయ్యాల దిగి, తూము కింద నిలిచిన నీళ్లలో పడిపోయాడట. తల్లి తట్ట దించి వచ్చేసరికే అయిపోయింది. అక్కడే గట్టు పక్కన పూడ్చిపెట్టారు.

అంజమ్మ చెప్పి పంపిన మాట ఒక్కటే. "పరీచ్చలు అయ్యేదాకా పిల్లకి చెప్పొద్దు."

తాము ఇంటికి వస్తే తెలిసిపోతుందని భార్యాభర్తలు అక్కడే ఆగిపోయారు. మరియమ్మా నేనూ ఆ మాటకు కట్టుబడ్డాం. మిగిలిన రోజులు ఆ పిల్ల పొద్దున్నే జడ వేసుకుని, అట్ట పట్టుకుని, మా పక్కనే నడిచి బస్సెక్కింది. తమ్ముడికి చక్రాల బొమ్మబండి ఒకటి చూసి పెట్టానని, అమ్మ రాగానే కొనిపించాలని మరియమ్మతో చెబుతుంటే విన్నాను.

చివరి పరీక్ష రాసి వచ్చాక మరియమ్మ ఇంట్లో కూర్చోబెట్టి చెప్పాం. ఏడవలేదు. ఏ రోజని అడిగింది. చెప్పాను.

"ఆ రోజు లెక్కలు గదా టీచర్. నేను బాగా రాశానని మీతో చెప్పా."



ఫలితాలు వచ్చాయి. మా బడిలో కోటేశ్వరిదే మొదటి స్థానం. టీసీ తీసుకుని, తల్లి ఆమెను హైస్కూల్లో చేర్చింది. కొన్నాళ్లకు అంజమ్మ మళ్లీ బడికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"రెండుసార్లు బస్సెక్కిచ్చా. రెండుసార్లూ మజ్జెలో దిగి నడిచొచ్చింది. కొట్టడానికి చెయ్యి రావట్లా టీచరమ్మా. మీరన్నా చెప్పండి."

వాళ్లింటికి వెళ్లాను. కోటేశ్వరి లేచి నిలబడి, నాకు మంచం వాల్చింది. నేను చెప్పినంతసేపూ విని, "అమ్మ కాడ ఉంటా టీచర్" అంది. వెంకటయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. భార్యను ఒక్క మాట కూడా అనలేదని తర్వాత మరియమ్మ చెప్పింది. అనకపోవడమే అంజమ్మ భరించలేకపోయిందట.

తర్వాతి ఏడు పరీక్షలు మళ్లీ ఏప్రిల్లోనే జరిగాయి. కాలువకు నీళ్లు కట్టేశాక కోటేశ్వరి కూడా వెళ్లింది, తట్ట మోయడానికి.

పోయిన పనిదినాలన్నీ పూడ్చినట్టు ఆ సంవత్సరం నేను పైకి నివేదిక పంపాను. లెక్క సరిగ్గానే ఉంది. మండలాలు వచ్చాక కొంతకాలం మండల విద్యాధికారిగా చేశాను. పరీక్షల తేదీలు గానీ, సెలవులు గానీ మార్చాలన్న చర్చ వచ్చిన ప్రతి సమావేశంలోనూ, ఆ నెలలో పనికి వలసపోయే ఊళ్ల చంటిపిల్లలను ఎవరు చూసుకుంటారని అడిగేదాన్ని. చాలాసార్లు అక్కడున్న ఎవరికీ తెలిసేది కాదు. తెలుసుకుని వచ్చేదాకా తేదీ ఖాయం చేయకూడదన్నదే నేను నేర్చుకున్నది.