ఉప్పు తిన్న పునాది

నేను కాపురానికి వచ్చేనాటికే మా అత్తవారింట్లో వీధివైపు గది అద్దెకిచ్చేసి ఉంది. అరవైల చివరి సంవత్సరాలవి. మా ఊరు శ్రీకాకుళం నుంచి వచ్చే రోడ్డును ఆనుకుని ఉండేది. ఎండుచేపల షావుకారు ఒకాయన సముద్రం ఒడ్డు ఊళ్లలో సరుకు కొని, ఆ గదిలో గంపలకొద్దీ నిలవ చేసి, లారీ దొరికినప్పుడు సాలూరు పంపేవాడు. అక్కణ్నించి కొండ సంతలకు పోయేది. అద్దె కాక అప్పుడప్పుడూ మాకు నాలుగు గుప్పెళ్ల నెత్తళ్లు ఇచ్చేవాడు. వంకాయ వేసి పులుసు పెడితే నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను. ఆ మాట దాచను. చేపల కంపు నాకు కొత్త కాదు. నాకు రోత పుట్టింది చేపల మీద కాదు.

రెండో ఏడు వానల్లో మొదలైంది. ఆ గదికీ వంటింటికీ మధ్యనున్న గోడ అడుగున సున్నం పొక్కులుగా లేచి రాలేది. పొద్దున్నే చీపురు పడితే చేటెడు పొడి వచ్చేది. తర్వాత గోడ మధ్యలో వేలు దూరేంత బీట పడింది. దూలం ఒకపక్కకు కుంగింది. మా మావ, అంటే మా ఆయన తండ్రి, ఊళ్లో పెద్దమనిషి. అరుగు మీద కూర్చుని నలుగురి తగువులూ తీర్చేవాడు. ఈ గోడ తగువు కూడా అక్కడే తీర్చేశాడు. నేను వంటింటి వెనక అంట్లు తోమి నీళ్లు అక్కడే పారబోస్తున్నానట, ఆ తడి పునాదిలోకి దిగిందట. వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. "మా కోడలి సేతి నీళ్లు కొంపని ముంచేస్తన్నాయి" అని నవ్వేవాడు.

నేను నమ్మాను. ఇప్పటికీ నాకు సిగ్గనిపించేది అదే. ఆ రోజు నుంచి అంట్లన్నీ తట్టలో పెట్టుకుని, చేలగట్లు దాటి కాలవ దాకా మోసుకెళ్లి తోముకొచ్చేదాన్ని. అప్పటికి నాకు అయిదో నెల. దారిలో ఎవరైనా ఎందుకే ఇంత దూరం అని అడిగితే, నా తప్పు నేనే ఒప్పుకునేదాన్ని.

అయినా గోడ కుంగడం ఆగలేదు. చివరికి తాపీ మేస్త్రి వచ్చి, దూలానికి తాటి గుంజలు దన్ను పెట్టించి, గచ్చు తవ్వాలన్నాడు. గంపలు బయటికి లాగారు. గచ్చు పెకలించగానే లేచిన కంపు ఎలాంటిదంటే, కూలివాళ్లు తుండుగుడ్డలు ముక్కులకు కట్టుకున్నారు. గంపల నుంచి కారిన ఉప్పునీరు ఏళ్ల తరబడి పగుళ్లలోంచి దిగి, కింద నల్లటి జిగురుగా పేరుకుంది. అందులో పురుగులు లుకలుకలాడుతున్నాయి. పలుగు వేస్తే ఇటుక ఇటుకలా రాలేదు, పాచిపోయిన అన్నం ముద్దలా వచ్చింది. నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను.

నోరు కడుక్కుని వచ్చేసరికి మేస్త్రి ఒక ఇటుక ముక్కను అరుగు మీద పెట్టి, దాని మీద తెల్లగా మెరుస్తున్నదాన్ని గోటితో గీకుతున్నాడు.

"ఇవి అంట్ల నీళ్లు కావు మావా. ఉప్పు. నాలిక్కి రాసుకో, తెలుస్తాది."

మా మావ రాసుకోలేదు. "నాకెప్పుడో తెలుసురా. నువ్వు పని సూడు" అన్నాడు.

మేస్త్రి తలదించుకుని లోపలికి పోయాడు. నేను ద్వారబంధం దాటి అరుగు మీదికి వచ్చాను. అంతవరకూ ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు.

"తెలిసీ నా మీదెందుకు పెట్టినావు మావా?"

"సావుకార్నంటే గది కాళీ సేసి పోతాడు. నిన్నంటే ఏటవుతాది? నువ్వెక్కడికెల్తావు?"

కోపంగా అనలేదు. చిన్నపిల్లకు అర్థమయ్యేలా చెప్పినట్టు, మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనం నాకు ఆ గచ్చు కింది జిగురులా అనిపించింది.

ఖర్చు మేస్త్రి ఆ సాయంత్రమే చెప్పాడు. గోడ కింద మూడడుగుల మేర ఇటుక తీసేసి, కొండరాయి బళ్ల మీద తోలించి, గానుగ సున్నంతో కట్టాలి. ఆ గది మీద అన్నేళ్లూ వచ్చిన అద్దె మొత్తం పోసినా చాలదు. షావుకారును కొంత భరించమని అడిగితే, "ఇల్లు నీది బావా, సరుకు నాది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుని టీ తాగారు. తర్వాత మా మావ చూపు నా గేదె మీద పడింది. పుట్టబోయే పిల్లకు పాలుంటాయని మా అయ్య రెండు రోజులు నడిపించి తోలుకొచ్చిన గేదె అది. మా ఆయనే దాన్ని సంతకు తోలుకెళ్లాడు. మా అత్త కుడితి తొట్టి బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

మూడు వారాల్లో గోడ నిలబడింది. పోతే పోయింది గేదె, కంపు వదిలింది కదా అనుకున్నాను. సున్నం సరిగా ఆరకముందే గుమ్మం ముందు బండి ఆగింది. అదే షావుకారు, అవే గంపలు. మా మావ దగ్గరుండి తలుపు పట్టుకున్నాడు. అద్దె రెండు రూపాయలు పెంచాడట, అది తన గెలుపు. అన్నం తింటూ ఆ సంగతే చెప్పాడు. నెత్తళ్ల పులుసు ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. దాన్ని నాకి, మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత ఆయన తింటుంటే నేనెప్పుడూ అటు చూడలేకపోయాను.

పురుడు పుట్టింట్లో పోసుకుని, పాపతో తిరిగొచ్చాక, ఆ ఇంట్లో పొయ్యి ముట్టించనని చెప్పేశాను. పశువుల సాల పక్కన తాటాకు పాక వేసుకుని వేరుపడ్డాం. మా ఆయన ఎదురు చెప్పలేదు. మంచివాడే అనుకున్నాను.

మరో రెండు వానాకాలాలకు గోడ మళ్లీ పొక్కింది. ఈసారి ఖర్చులో సగం మమ్మల్ని పెట్టుకోమని మా మావ కబురు పెట్టాడు. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దన్నాను. మా ఆయన సరేనన్నాడు. మా గోగునార అమ్మిన వారానికి మేస్త్రి దారిలో కనబడి, మీ సగం అందిందమ్మా, రేపటి నుంచి పని అన్నాడు. నాకు తెలుసుననే అనుకున్నాడు పాపం.

ఇంటికొచ్చి అడిగాను. మా ఆయన నారపోగు పేనుతూ తలెత్తలేదు.

"అరుగు మీద నలుగుర్లో అడిగినాడు. ఏటి సెయ్యమంటావు?"

ఆ అరుగు మీదే నా పేరు నెలల తరబడి నలిగినప్పుడు ఈయన కూడా అక్కడే కూర్చుని విన్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అయిదో రోజు పాపకు జ్వరం వచ్చింది. నాటువైద్యం చేసే ఆచారి గారి దగ్గరికెళ్లి మందు తెమ్మని ఆయనకే చెప్పాల్సి వచ్చింది, చెప్పాను.